పిండి డబ్బాలో గెలాక్సీ

మా ఆయన మూడు వందల టన్నుల ఇనుముకు గ్రీజు పెట్టగలరు గానీ, మా స్నానాలగది తలుపుకు నాలుగు చుక్కల నూనె పెట్టలేరు. ఏడాదిగా అడుగుతున్నాను. అడిగినప్పుడల్లా "ఈ ఆదివారం" అంటారు. ఏ ఆదివారమో చెప్పరు. ఆయన ఒక రేడియో టెలిస్కోపుకు యంత్రాల ఇంజినీరు. ఆకాశం వైపు నోరు తెరుచుకుని కూర్చున్న పెద్ద తెల్ల గొడుగు లాంటి డిష్షు, దాన్ని తిప్పే పళ్లచక్రాలు, మోటార్లు ఆయన సంసారం. మేము అదనపు సంసారం.

డిష్షుకు అరకిలోమీటరు దూరంలో మా క్వార్టర్లు. ఇక్కడ కాపురం చేయాలంటే ఒకటే షరతు: ఇంట్లో ఏ వస్తువూ గాలిలోకి రేడియో తరంగాలు వదలకూడదు. సెల్‌ఫోన్లు గేటు దగ్గరే అప్పజెప్పాలి. మైక్రోవేవ్ పొయ్యి లేదు, తీగ లేని ఫోను లేదు, రిమోటుతో నడిచే బొమ్మకారు కూడా లేదు. ఆకాశంలో అంత దూరం నుంచి వచ్చే గుసగుస వినాలంటే పక్కింట్లో ఎవరూ అరవకూడదు కదా. ఈ నియమం అమలు చేయడానికి ఒక ఉద్యోగి ఉన్నారు. చేపముల్లు లాంటి యాంటెన్నా పట్టుకుని, చెవులకు డిప్పలు తగిలించుకుని ఇంటింటికీ తిరుగుతారు. క్వార్టర్ల ఆడవాళ్లం ఆయన్ని చెవులాయన అంటాం. అసలు పేరేమిటో ఎవరికీ గుర్తు లేదు.

మా ఇంట్లో నలుగురం. మేమిద్దరం, మా అత్తగారు, మా ఆడపడుచు. ఆడపడుచు ఆ టెలిస్కోపుతోనే పరిశోధన చేస్తోంది. అన్న గొడుగు తిప్పుతాడు, చెల్లెలు దానితో వింటుంది. అత్తగారికి ఈమధ్యే మోకాలి ఆపరేషను అయింది. రోజూ పొద్దున రెండు గంటల పాటు, పది నిమిషాలకోసారి కాలి కింద దిండు పెట్టాలి, తీయాలి అని వ్యాయామాల డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ గది వెనక వైపు, నా వంటిల్లు ముందు వైపు. మధ్యలో నా మిక్సీ. కాబట్టి ఆవిడ స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టి పిలిచేవారు. మూడో రోజుకు పక్కింటివాళ్లు వచ్చి, ఏమైనా భజన బృందం పెట్టారా అని మర్యాదగా అడిగారు.

అందుకని నేను మందుల కోసం టౌనుకు వెళ్లినప్పుడు ఒక కాలింగ్ బెల్లు కొన్నాను. తీగ లేనిది. మీట ఆవిడ మంచం దగ్గర, కూసే డబ్బా నా వంటింట్లో. తెలియక కొన్నానని చెప్పుకోలేను. నేను ఫిజిక్సుతో డిగ్రీ చదివాను. తీగ లేకుండా మోగేది దేనితో మోగుతుందో నాకు తెలుసు. ఒక్క చిన్న బెల్లు, అరక్షణం కూత, దానికే ఆకాశం కూలిపోతుందా అనుకున్నాను.

"మీ అబ్బాయికి చెప్పకండి అత్తయ్యా," అన్నాను.

"వాడు నేను చెప్పినవి ఏవి విన్నాడని, ఇది వినడానికి," అన్నారావిడ, బెల్లు రెండుసార్లు నొక్కి చూసుకుంటూ.

ఆ మర్నాటి నుంచే మా ఆడపడుచుకు టెలిస్కోపు మీద ఆరు పొద్దుటి పూటలు కేటాయించారు. రెండేళ్లు ఎదురుచూసిన ఆరు పూటలు. ఆరో రోజు మధ్యాహ్నం చేతిలో కాగితం చుట్టతో వంటింట్లోకి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"వదినా, దొరికింది."

"నీ రెండో చెవిపోగా?"

"మేసర్. లేజర్ తెలుసుగా?"

"తెలుసు. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. రాయలేదు."

"అది వెలుగుతో చేసే పనే ఇది రేడియో తరంగాలతో చేస్తుంది. మనుషులు చేయాలంటే ల్యాబు కావాలి. ఆకాశంలో దానంతటదే తయారవుతుంది." గట్టు ఎక్కి కూర్చుంది. "రెండు గెలాక్సీలు గుద్దుకున్నాయనుకో."

"అనుకున్నాను. నక్షత్రాలన్నీ పిండి పిండి."

"కాదు. నక్షత్రాల మధ్య బోలెడంత ఖాళీ. అవి ఒకదాని పక్కనుంచి ఒకటి వెళ్లిపోతాయి. గుద్దుకునేది వాటి మధ్య ఉన్న వాయువు. అదంతా నడిమికి జారి అక్కడ ఇరుక్కుంటుంది. ఇరుకులో కొత్త నక్షత్రాలు గంపలకొద్దీ పుడతాయి. వాటి సెగకు చుట్టూ ఉన్న ధూళి కాగి, కంటికి కనపడని పరారుణ కిరణాలు కక్కుతుంది. అక్కడ హైడ్రాక్సిల్ అని ఒక అణువు ఉంటుంది. ఒక ఆక్సిజను, ఒక హైడ్రోజను, అంతే. ఆ కిరణాలు తగిలి తగిలి ఆ అణువులు పై మెట్టు ఎక్కి కూర్చుంటాయి. మామూలుగా కింది మెట్టు మీద ఎక్కువమంది ఉండాలి. ఇక్కడ తలకిందులు. పైన కిక్కిరిసి ఉంటారు, కింద ఖాళీ."

"దిగడానికి ఏం రోగం?"

"వాటంతటవి దిగాలంటే చాలా చాలా కాలం పడుతుంది. కానీ సరిగ్గా వాటి శ్రుతికి సరిపోయే రేడియో తరంగం ఒక్కటి పక్కనుంచి పోయిందనుకో, ఇక ఆగలేవు. ఒక అణువు కిందికి దూకి, అచ్చం అలాంటి తరంగాన్నే వదులుతుంది. ఒకటి రెండవుతుంది. ఆ రెండూ ముందుకు పోయి ఇంకో ఇద్దర్ని దింపుతాయి. నాలుగు. వందల కాంతి సంవత్సరాల దారి పొడవునా ఇదే వరస. బయటికి వచ్చేసరికి అది కేక."

"అర్థమైంది," అన్నాను. "మన క్వార్టర్ల కుళాయి దగ్గర మేము. ఒక్కొక్కరం పొద్దున్నించీ ఉడికి ఉడికి నిండిపోయి ఉంటాం. ఒక్క మాట చెవి పక్కనుంచి పోతే చాలు, అందరం అందుకుంటాం."

"మీరు తలా ఒక ముక్క కలుపుతారు వదినా. అణువులు కలపవు. ఉన్నది ఉన్నట్టే రెట్టింపు చేస్తాయి." నవ్వి, కాగితం విప్పింది. గడ్డిలా గజిబిజిగా ఉన్న గీత. మధ్యలో ఒక చోట మాత్రం నిటారుగా లేచింది. "మన గెలాక్సీలోనూ మేసర్లున్నాయి. ఇది వాటికి కోట్ల రెట్లు పెద్దది. ఏడు వందల కోట్ల ఏళ్ల కిందట బయల్దేరింది. అప్పటికి మన సూర్యుడే పుట్టలేదు."

"ఇది ఇక్కడి చప్పుడు కాదని ఎలా తెలుసు?" అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను. ఆ ఒక్కసారికి నా మనసులో ఏమీ లేదు.

"అందుకే ఒక పద్ధతి ఉంది. ఐదు నిమిషాలు గెలాక్సీ వైపు వింటాం. తర్వాత డిష్షును పక్కకు తిప్పి ఐదు నిమిషాలు ఖాళీ ఆకాశం వింటాం. మళ్లీ గెలాక్సీ. ఇక్కడి చప్పుడైతే రెండు చోట్లా వినపడాలి. ఇది గెలాక్సీ వైపు ఉన్నప్పుడే ఉంది. ఆరు రోజుల్లో ఒక్కసారి కూడా ఖాళీ ఆకాశంలో లేదు." కాగితం మీద ఆ నిలువు గీతను వేలితో తడిమింది. "నాకంటే ముందు దీన్ని ఎవరూ వినలేదు వదినా."

సోమవారం చెవులాయన వచ్చారు. ఇలాంటిది ఏదైనా దొరికితే క్వార్టర్లన్నీ వెతకాలని నియమమట. ఆయన యాంటెన్నా మూడిళ్ల అవతల కనపడగానే నేను అత్తగారి మీట, నా కూతడబ్బా రెండూ తీసి గోధుమపిండి డబ్బాలో అడుగుకు దూర్చి, మూత బిగించాను. మూత ఉన్న రేకు డబ్బాలోంచి రేడియో తరంగం బయటికి రాదు. కాలేజీలో చదివిన ఫిజిక్సు నాకు పనికొచ్చింది ఆ ఒక్క పూటే.

"ఇంట్లో తీగ లేనివి ఏమైనా ఉన్నాయామ్మా?" అన్నారాయన.

"మా అత్తగారి నోరు ఒక్కటేనండి."

ఆయన నవ్వారు. యాంటెన్నాతో ఇల్లంతా తిరిగి చూసి, కాగితం మీద 'ఏమీ లేవు' అని రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకుని వెళ్లిపోయారు.

భయం వల్ల బెల్లును మళ్లీ బయటికి తీయలేదు. అత్తగారు విసుక్కుంటూ పళ్లెం అందుకున్నారు. మంగళవారం నుంచి మేసర్ కనపడటం మానేసింది.

సరిచూడడానికని డైరెక్టరుగారు ఆ రోజు నుంచే ఇంకో నాలుగు పూటలు ఇచ్చారు. ఈసారి పెద్ద శాస్త్రవేత్తలు కూడా పక్కన కూర్చున్నారు. అదే గెలాక్సీ, అదే డిష్షు. గడ్డి గీత, అంతే. ఏడు వందల కోట్ల ఏళ్లు ప్రయాణం చేసిన కేక ఉన్నట్టుండి మంగళవారం నాడు ఎందుకు ఆగిందో ఎవరికీ అర్థం కాలేదు. మొదట "పాపం" అన్నారు. తర్వాత "ఆ అమ్మాయి ఒక్కతే ఉన్నప్పుడే కనపడింది కదా" అన్నారు. ఆపైన కుళాయి దగ్గరకు వచ్చేసరికి, "లెక్కలు కాస్త వండిందట" అని అకౌంటెంటు భార్య అంది. నేను బిందె పట్టుకుని "అయ్యో" అన్నాను. అప్పటికి నాకు నిజం తెలియదు. అయినా నా ఇంటి పిల్ల గురించి అయ్యో అని ఊరుకోవడం ఏమిటి? ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలుతాయి.

డైరెక్టరుగారు ఒక తారీఖు ఇచ్చారు. గురువారం, పదకొండు గంటలకు, అందరి ముందూ వివరణ చెప్పాలి. చెప్పలేకపోతే పరిశోధన అక్కడితో సరి.

దానికి తొమ్మిది రోజుల ముందు, మంగళవారం, మా ఆడపడుచు భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి కూర్చుంది. కంచం పెట్టడానికి ఒక కాగితం పక్కకు జరిపాను. నిలువు గీత కింద ఒక అంకె రాసి ఉంది: 868.

"ఇదేమిటి?"

"మనకు వినపడిన శ్రుతి. మెగాహెర్ట్జుల్లో. హైడ్రాక్సిల్ సొంత శ్రుతి దీనికి దాదాపు రెట్టింపు ఉంటుంది. విశ్వం సాగిపోతోంది కదా, దానితోపాటు దారిలో తరంగమూ సాగింది. సాగితే శ్రుతి పడిపోతుంది." కంచం వంక చూడకుండానే చెప్పింది. రెండు వారాల్లో మెడ ఎముకలు తేలాయి.

మధ్యాహ్నం పిండి కోసం డబ్బాలో చెయ్యి పెట్టాను. వేళ్లకు బెల్లు తగిలింది. తీసి తుడిచాను. అడుగున చిన్న చీటీ అంటించి ఉంది. 868 మెగాహెర్ట్జ్.

చీటీ మళ్లీ చదివాను. అదే అంకె. వెంటనే నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను. బెల్లే అయితే రెండు చోట్లా వినపడాలి. ఖాళీ ఆకాశంలో ఒక్కసారీ లేదు కదా. మా అత్తగారికి గెలాక్సీ ఎటుందో ఏం తెలుసు? అయినా నిలవలేక వెనక గదిలోకి వెళ్లాను.

"అత్తయ్యా, బెల్లు ఎప్పుడెప్పుడు నొక్కేవారు మీరు?"

"పది నిమిషాలకోసారి. డాక్టరమ్మ చెప్పిందిగా."

"గడియారం చూసుకునా?"

"నా కళ్లకు ఆ ముళ్లు ఎక్కడ ఆనతాయమ్మా. అది మూలిగేదిగా."

"ఏది?"

"మీ ఆయన గొడుగు," అన్నారు అత్తగారు, కిటికీ వైపు గడ్డం చూపిస్తూ. "ఎడమకు పోయేటప్పుడు నోరెత్తదు. కుడికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం 'ఊఁ' అని మూలుగుతుంది, అచ్చం నాలాగే. పోయొచ్చేసరికి పది నిమిషాలు. మూలుగు ఆగాక, పాపం దానికి కాస్త ఊపిరి తిరిగాక, నేను నొక్కేదాన్ని. నువ్వు ఒకసారికి పలుకుతావా? మూడు నాలుగు సార్లు నొక్కాల్సొచ్చేది."

కుడివైపు గెలాక్సీ. ఎడమవైపు ఖాళీ ఆకాశం. కుడికి తిరిగేటప్పుడు ఒక పళ్లచక్రం మూలుగుతుందని, అరిగిన పన్ను మార్చాలని మా ఆయన భోజనాల దగ్గర నెలల తరబడి చెబుతూనే ఉన్నారు. నేను పులుసు గురించి ఆలోచిస్తూ వినేదాన్ని.

ఆరు పొద్దులు, రెండేసి గంటలు, డిష్షు గెలాక్సీ వైపు తిరిగిన ప్రతిసారీ మా అత్తగారు బెల్లు నొక్కారు. ఒక్కసారీ తప్పలేదు. అంత క్రమశిక్షణ ఆవిడకు మందులు మింగడంలో ఉంటే బాగుండేది. పైగా అది చవకబారు బెల్లు, ఒక్క శ్రుతి మీద నిలవక అటూ ఇటూ ఊగి గీతను వెడల్పు చేస్తుంది. గెలాక్సీల్లో ఉరుకుతున్న వాయువు గీత కూడా అలాగే వెడల్పుగా ఉంటుందట. పిల్ల నమ్మిందంటే నమ్మదా మరి?

అప్పుడే లేచి వెళ్లి చెప్పాల్సింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆ తొమ్మిది రోజులూ నాకు నేను చాలా బాగా వివరించుకున్నాను. నియమం తప్పితే క్వార్టరు ఖాళీ చేయిస్తారు. ఆపరేషను కాలితో అత్తగారు ఎక్కడికి పోతారు? మా ఆయనకు మాట వస్తుంది. చెవులాయన కాగితం మీద నా సంతకం ఉంది. కొన్ని మేసర్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటాయని ఆడపడుచే చెప్పింది కదా, ఒకవేళ బెల్లూ ఉండి, మేసరూ ఉందేమో. ఇన్ని కారణాలు ఉన్నాయంటేనే తెలియడం లేదూ, ఒక్కటీ పనికొచ్చేది కాదని?

ఒకసారి చెప్పాను కూడా. మిక్సీ తిరుగుతుండగా చెప్పాను.

"ఏమన్నావు వదినా?" అంది ఆడపడుచు.

"ఉప్పు చూడమన్నాను."

దానికి ఇష్టమైనవన్నీ వండాను. తల దువ్వాను. బట్టలు ఇస్త్రీ చేశాను. శనివారం అది నా భుజం మీద తల పెట్టి, "ఇంత జరిగినా నన్ను నమ్ముతున్నది నువ్వొక్కదానివే" అంది. ఆ తల బరువు ఇంత ఉంటుందని నాకు తెలియదు.

బుధవారం సాయంత్రం కాగితాలన్నీ దొంతర పెట్టి తాడు కట్టేసింది.

"రేపు నేనే ఒప్పుకుంటాను వదినా."

"ఏమని?"

"తప్పు చేశానని."

"ఏం తప్పు?"

"అదే తెలియడం లేదు. ఎన్నిసార్లు చూసినా దొరకడం లేదు. ఎక్కడో చేసే ఉంటాను. దొరకలేదని అంటే అబద్ధం ఆడుతున్నాననుకుంటారు. చేశానంటే కనీసం వదిలేస్తారు."

గురువారం పొద్దున అది ఇస్త్రీ చీర కట్టుకుని, ఏమీ తినకుండా వెళ్లిపోయింది. అన్నా చెల్లెలూ ఒక్క మాట లేకుండా కలిసి నడుస్తూ పోవడం కిటికీలోంచి చూశాను. వెనక గదిలో పళ్లెం మోగింది. వెళ్లి అత్తగారి కాలి కింద దిండు సర్దాను.

"పిల్ల ఏం తప్పు చేసిందే?" అన్నారావిడ.

"ఏమీ చేయలేదు అత్తయ్యా."

"మరి ఒప్పుకోవడం దేనికి?"

వంటింట్లోకి వచ్చి పిండి డబ్బా చంకన పెట్టుకున్నాను. బెల్లు ఒక్కటే తీసుకుపోవచ్చు. కానీ డబ్బాలోంచి బయటికి తీస్తే దారిలో చెయ్యి తగిలి మోగుతుందేమోనని భయం. ఇప్పటిదాకా చేసింది చాలు.

సమావేశం గదిలో పొడవాటి బల్ల చుట్టూ పదిమందికి పైగా ఉన్నారు. చివర మా ఆడపడుచు నిలబడి ఉంది. వెనక తెర మీద ఆ నిలువు గీత. "ఈ ఫలితాన్ని నేను వెనక్కి తీసుకుంటున్నాను," అంటోంది. "పొరపాటు ఎక్కడ జరిగిందో…"

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. మా ఆయన నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఇంట్లో గ్యాసు ఏమైనా అంటుకుందనుకున్నారట. నేను డబ్బా బల్ల మీద పెట్టి, మూత తీసి, మోచేతి దాకా పిండిలో చెయ్యి పెట్టాను.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు డైరెక్టరుగారు.

"కాలింగ్ బెల్లండి. తీగ లేనిది. మా ఇంట్లోది. ఆ గీత దీనిదే."

అంతా చెప్పాను. మోకాలు, దిండు, పది నిమిషాలు. డిష్షు మూలుగు విని మా అత్తగారు బెల్లు నొక్కడం దాకా వచ్చేసరికి ఎవరో పుసుక్కున నవ్వారు. డైరెక్టరుగారు నవ్వలేదు. తెర వైపు ఒకసారి, బెల్లు వైపు ఒకసారి చూశారు.

"ఆ పన్ను అరిగిందని నేను మూడుసార్లు రాసిచ్చానండి," అన్నారు మా ఆయన నేల చూస్తూ.

"నేను అడిగాను కదమ్మా," అన్నారు చెవులాయన. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది ఆ గొంతులో. "ఇల్లంతా చూశాను కదా."

"అడిగారు. లేదని అబద్ధం చెప్పాను. అప్పుడు ఇందులోనే ఉంది."

మా ఆడపడుచు నా వైపు చూడటం లేదు. మెల్లగా వచ్చి బెల్లు చేతిలోకి తీసుకుంది. తిరగేసి చీటీ చదివింది. ఇస్త్రీ చీర మీద పిండి రాలింది. తను ఎంత వెతికినా దొరకని తప్పు అరచేతిలో ఇమిడింది. తప్పు తనది కాదని తెలిసినందుకు దాని ముఖంలో వెలుగేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. రెండేళ్లు ఎదురుచూసి విన్న గొంతు మా అత్తగారి మంచం దగ్గర నుంచి వచ్చిందని తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఆ గీత దీనిదని కొన్నప్పుడు నీకు తెలియదు," అంది, నా తరపున తనే చెబుతున్నట్టు. "దాచినప్పుడూ తెలియదు. అంతేనా వదినా?"

"ఆ రెండు సార్లూ తెలియదు."

"మరి ఎప్పుడు తెలిసింది?"

డైరెక్టరుగారు కలం కింద పెట్టారు. దారి పొడవునా నేను కూడగట్టుకున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి: క్వార్టరు, కాలు, మీ అన్నయ్య ఉద్యోగం. వాటిలో ఒక్కదానితో మొదలుపెట్టినా అది తల ఊపి ఒప్పుకునేది. దాని గుణం అలాంటిది.

"పోయిన వారం మంగళవారం," అన్నాను. "కంచం పెడుతూ నీ కాగితం మీద అంకె చూశాను. ఆ మధ్యాహ్నమే తెలిసింది. తొమ్మిది రోజులు నువ్వు తినకుండా వెతుకుతుంటే పక్కన కూర్చుని చూశాను. నీ లెక్కలో ఎక్కడా తప్పు లేదు. తప్పు చేసింది నేను."